సైట్-టు-సైట్ వీపీఎన్‌కు ఏ టోపాలజీ? విజయవాడ, గుంటూరు ఆఫీసులను కలిపే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా

విజయవాడలో హెడ్డాఫీసు, గుంటూరులో బ్రాంచి, ఊరి చివర గోడౌను, తెనాలిలో ఇంకో చిన్న ఆఫీసు. వీటన్నిటినీ ఒకే నెట్‌వర్క్‌లా ఎలా పనిచేయించాలని చాలామంది అడుగుతున్నారు. ఆ ప్రశ్న ఎక్కువగా “ఏ రౌటర్ కొనాలి?” అనే రూపంలోనే వస్తుంది. రౌటర్ సంగతి చివర్లో తేలుతుంది. ముందు తేల్చాల్సింది ఏ సైటు నుంచి ఏ సైటుకు టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా రెండు సైట్ల మధ్య వేసే గుప్త దారి) ఉండాలన్నది. ఈ టన్నెళ్ళన్నీ కలిసిందే సైట్-టు-సైట్ వీపీఎన్, అవి అల్లుకునే ఆకారమే టోపాలజీ.

అందుకు మూడు విషయాలు కాగితం మీద ఉండాలి: ఎవరు ఎవరికి ఎంత డేటా పంపుతారు, ఎవరి లైనుకు పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల అడ్రసు) ఉంది, మధ్యలో నిలబడే సైటుకు అప్‌లోడ్ ఎంత. ఇవి రాసుకోకుండా పెట్టెలు కొన్నవాళ్ళు ఆ పెట్టెలకు తగ్గట్టు నెట్‌వర్క్‌ను వంచుకోవాల్సి వస్తుంది.

మార్గదర్శి పొడవునా ఒకే ఉదాహరణ వాడదాం. ఒక మిర్చి వ్యాపార సంస్థకు ఐదు చోట్లు ఉన్నాయనుకోండి: విజయవాడ గవర్నర్‌పేటలో హెడ్డాఫీసు (సర్వర్ ఇక్కడే), గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఆఫీసు, గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజి 1, చిలకలూరిపేట రోడ్డులో కోల్డ్ స్టోరేజి 2, తెనాలిలో చిన్న ఆఫీసు.

## 1. ముందుగా సేకరించాల్సిన వివరాలు

ప్రతి సైటుకూ ఒక పేజీ పెట్టి ఇవి రాయండి:

☐ ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని ఐపీ ఫోన్లు, ఎన్ని కెమెరాలు
☐ నెట్ లైను ఎవరిది, డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత
☐ రౌటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పేజీలో కనిపించే ఐపీ అడ్రసు
☐ ఫైబర్ పెట్టె, అంటే ఓఎన్‌టీ, రౌటర్ మోడ్‌లో ఉందా, లైనును అలాగే మీ రౌటర్‌కు వదిలే బ్రిడ్జ్ మోడ్‌లో ఉందా
☐ లోపల ఇప్పుడు వాడుతున్న సబ్‌నెట్, అంటే ఐపీ అడ్రసుల శ్రేణి
☐ కరెంటు పోతే ఓఎన్‌టీ, రౌటర్, స్విచ్ ఎంతసేపు నిలుస్తాయి
☐ ఫోన్ చేస్తే రౌటర్ దగ్గరికి వెళ్ళి లైట్లు చూసి చెప్పగల మనిషి ఎవరు

అప్‌లోడ్, డౌన్‌లోడ్ అంకెలు ప్లాను కాగితం చూసి రాయకండి. పగలు 11కు ఒకసారి, సాయంత్రం 7కు ఒకసారి కేబుల్ పెట్టి కొలవండి, వైఫై మీద వద్దు. సీజన్ ఉన్న వ్యాపారమైతే సీజన్‌లోనే కొలవాలి. మిర్చి వాళ్ళకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు కిటకిటలాడేటప్పుడు వచ్చే అంకె వేరు, ఆగస్టులో వచ్చే అంకె వేరు.

## 2. ఎవరు ఎవరితో మాట్లాడాలి?

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. సైట్లన్నిటినీ జతలుగా రాసి, ప్రతి జత ఎదురుగా రద్దీ వేళలో ఎంత డేటా పోతుందో వేయండి. కచ్చితమైన కొలత అందకపోతే ఈ అంచనాలు సరిపోతాయి:

- లెక్కల పనికి రిమోట్ డెస్క్‌టాప్: మనిషికి సుమారు 0.2 ఎంబీపీఎస్
- ఐపీ ఫోన్ కాల్, జీ.711 కోడెక్: టన్నెల్ హెడర్లతో కలిపి ఒక్కో దిక్కుకు 0.1 ఎంబీపీఎస్
- 1080 పిక్సెళ్ళ కెమెరా, హెచ్.265: సుమారు 2 ఎంబీపీఎస్
- అదే కెమెరా సబ్‌స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో): సుమారు 0.5 ఎంబీపీఎస్

మన ఉదాహరణలో పట్టిక ఇలా వస్తుంది:

- యార్డు ఆఫీసు, హెడ్డాఫీసు: 8 మంది రిమోట్ డెస్క్‌టాప్ 1.6, మూడు కాల్స్ 0.3
- తెనాలి, హెడ్డాఫీసు: ముగ్గురు, 0.6
- కోల్డ్ స్టోరేజి 1, హెడ్డాఫీసు: టిక్కీల (మిర్చి బస్తాల) స్టాకు ఎంట్రీలు, 0.5
- కోల్డ్ స్టోరేజి 2, హెడ్డాఫీసు: అదే పని, 0.5
- కోల్డ్ స్టోరేజి 1, యార్డు ఆఫీసు: లారీల లోడింగ్, కాటా చూడ్డానికి 8 కెమెరాలు, 16 ఎంబీపీఎస్, పని గంటలంతా

ఐదు సైట్లకు పది జతలుంటాయి. అందులో ఐదింటికి పనే లేదు. కోల్డ్ స్టోరేజి 2కు తెనాలితో మాట్లాడే అవసరం ఎప్పుడూ రాదు. నిండిన ఐదింటిలో నాలుగు హెడ్డాఫీసు వైపే తిరిగి ఉన్నాయి. ఒక్కటి మాత్రం పక్కదారి కోరుతోంది, బరువైనదీ అదే. టోపాలజీ సగం ఇక్కడే తేలిపోయింది.

ఒక హెచ్చరిక. “బ్రాంచి వాళ్ళు హెడ్డాఫీసు షేర్డ్ ఫోల్డర్‌లోని ట్యాలీ డేటాను నేరుగా తెరుస్తారు” అనే వరుస పట్టికలో ఉంటే ముందు దాన్ని మార్చండి. అలా తెరిచినప్పుడు చిన్న చిన్న అడగడాలు, జవాబులు వేలల్లో జరుగుతాయి. వెళ్ళి రావడానికి 20 మిల్లీసెకన్లు పట్టే దారిలో ఒకదాని వెనక ఒకటిగా 5,000 సార్లు తిరిగితే 100 సెకన్లు. లైను వేగం ఎంత పెంచినా ఇది తగ్గదు. మధ్యలో టన్నెల్ తెగితే డేటా చెడే ప్రమాదం కూడా ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ మీద పనిచేయిస్తే రెండు బాధలూ పోతాయి.

## 3. పబ్లిక్ ఐపీ ఎవరికుంది?

టన్నెల్ కట్టాలంటే కనీసం ఒక కొసకు బయటి నుంచి చేరగల అడ్రసు ఉండాలి. రౌటర్ వ్యాన్ పేజీలోని ఐపీని, అదే లైను మీద బ్రౌజర్‌లో “నా ఐపీ ఏమిటి” అని వెతికితే వచ్చే ఐపీతో పోల్చండి.

రెండూ ఒకటే అయితే పబ్లిక్ ఐపీ ఉన్నట్టు. అది మారుతూ ఉండేదా, స్టాటికా అన్నది ఆపరేటర్‌ను అడగాలి.

వ్యాన్ పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రసు ఉంటే మీరు ఆపరేటర్ నాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ అడ్రసు పంచే పద్ధతి) వెనక, అంటే సీజీనాట్‌లో ఉన్నారు. బయటి నుంచి మిమ్మల్ని ఎవరూ పిలవలేరు, మీరే పిలవాలి. 4జీ, 5జీ డాంగిళ్ళు చాలావరకు ఇలాగే ఉంటాయి.

వ్యాన్‌లో 192.168 అడ్రసు కనిపిస్తే ఎక్కువగా ఓఎన్‌టీ కూడా రౌటర్ మోడ్‌లో ఉండి రెండుసార్లు నాట్ చేస్తోందని అర్థం. ఆపరేటర్‌కు చెప్పి బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి. 10 తో మొదలైతే ఓఎన్‌టీ వల్ల కావచ్చు, ఆపరేటర్ నాట్ కావచ్చు. బ్రిడ్జ్ చేశాక మళ్ళీ చూడండి.

టోపాలజీకి దీనితో సంబంధం సూటిగా ఉంది. రెండు కొసలూ సీజీనాట్‌లో ఉంటే ఆ జతకు నేరు టన్నెల్ నమ్మకంగా నిలవదు. నాట్‌ను దాటించే ప్రయత్నం చేసే ఓవర్‌లే ఉత్పత్తులు ఉన్నాయి. కుదరనప్పుడు అవి కూడా మధ్యలో రిలే పెట్టుకుంటాయి, అంటే తిరిగి హబ్ (అందరి డేటా కలిసే మధ్య చోటు) వ్యవహారమే. రెండు మూడు సైట్లు సీజీనాట్‌లో ఉన్న సంస్థ ఫుల్ మెష్ (ప్రతి సైటు నుంచీ ప్రతి సైటుకూ టన్నెల్) గురించి ఆలోచించి లాభం లేదు. మన ఉదాహరణలో హెడ్డాఫీసుకు, యార్డు ఆఫీసుకు స్టాటిక్ ఐపీ ఉంది, మిగతా మూడూ సీజీనాట్‌లో ఉన్నాయనుకుందాం.

## 4. అడ్రసుల ప్లాను

అన్ని సైట్లలోనూ 192.168.1.0/24 ఉంటే ఏ టోపాలజీ పనిచేయదు (గీత తర్వాతి అంకె ఎంత చిన్నదైతే అడ్రసుల శ్రేణి అంత పెద్దది). కంపెనీ నుంచి వచ్చిన రౌటర్‌ను అలాగే తగిలించిన చోటల్లా ఇదే ఉంటుంది. నాట్ చేసి సర్దేయవచ్చని కొందరు చెబుతారు. ఆ పని చేస్తే తర్వాత ప్రతి లాగూ (రౌటర్ రాసుకునే నమోదు), ప్రతి ఫైర్‌వాల్ రూలూ తికమక పెడుతుంది. అడ్రసులు మార్చడమే మేలు.

- హెడ్డాఫీసు: 10.20.0.0/16
- యార్డు ఆఫీసు: 10.32.0.0/16
- కోల్డ్ స్టోరేజి 1: 10.33.0.0/16
- కోల్డ్ స్టోరేజి 2: 10.34.0.0/16
- గుంటూరు వైపు రాబోయే సైటుకు ఖాళీ: 10.35.0.0/16
- తెనాలి: 10.40.0.0/16

గుంటూరు వైపు నాలుగూ కలిపి 10.32.0.0/14 అనే ఒక్క వరుసలో ఇమిడిపోతాయి. రేపు రూట్లు రాసేటప్పుడు ఇది చాలా పని తగ్గిస్తుంది. సైటు లోపల మూడో అంకె అన్ని చోట్లా ఒకటే అర్థం ఇవ్వాలి: 10 స్టాఫ్ కంప్యూటర్లు, 20 ఫోన్లు, 30 కెమెరాలు. 10.33.30.15 అని చూడగానే కోల్డ్ స్టోరేజి 1 కెమెరా అని తెలియాలి.

172తో మొదలయ్యే శ్రేణి జోలికి పోకండి. డాకర్ మామూలుగా 172.17.0.0/16 తీసుకుంటుంది, అమెజాన్ క్లౌడ్ డిఫాల్ట్ నెట్‌వర్క్ 172.31.0.0/16. ఎప్పుడో ఒకప్పుడు ఢీకొంటాయి.

అడ్రసులు మార్చే రోజుకు ముందే డీహెచ్‌సీపీ లీజు (రౌటర్ పంచే అడ్రసు గడువు) గంటకు తగ్గించండి. చేత్తో ఐపీ పెట్టిన పరికరాల జాబితా విడిగా రాయండి: ప్రింటర్లు, వేలిముద్ర హాజరు మిషన్లు, కెమెరా రికార్డర్లు, కాటా కంప్యూటర్. మార్పు రోజున ఆగిపోయేవి ఇవే.

## 5. ఆకారం ఎంచుకోవడం

రెండే సైట్లు. ఒక టన్నెల్. ఆలోచించాల్సింది లేదు.

హబ్ అండ్ స్పోక్. అన్ని బ్రాంచీలూ హెడ్డాఫీసుకే కడతాయి. సైట్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ టన్నెళ్ళు. పబ్లిక్ ఐపీ హబ్‌కు ఉంటే చాలు. ఫైర్‌వాల్ రూల్స్ ఒకేచోట, లాగులు ఒకేచోట. హబ్ పడితే అందరూ పడతారు, బ్రాంచి నుంచి బ్రాంచికి వెళ్ళే డేటా హబ్ లైను మీద రెండుసార్లు పోతుంది.

ఫుల్ మెష్. ప్రతి సైటూ ప్రతి సైటుతో. నాలుగు సైట్లకు 6 టన్నెళ్ళు, ఆరింటికి 15, పదింటికి 45. పదకొండో సైటు తెరిస్తే పాత పది రౌటర్లలోనూ చెయ్యి పెట్టాలి. చేత్తో కట్టే ఫుల్ మెష్ నాలుగు సైట్లు దాటితే వద్దనే మా సలహా. మొదటి రోజు బాగానే నడుస్తుంది. ఆరు నెలల తర్వాత ఒక కీ మార్చాల్సి వచ్చినప్పుడు ఎక్కడో ఒక జత తప్పిపోతుంది, అది తప్పిపోయిందని కూడా ఎవరికీ తెలియదు.

పార్షియల్ మెష్. హబ్ అండ్ స్పోక్ వేసి, పట్టికలో బరువైన జతలకు మాత్రం నేరు టన్నెల్. విజయవాడ, గుంటూరు చుట్టూ ఐదు నుంచి పది చోట్ల వ్యాపారం నడిపే సంస్థలకు ఎక్కువసార్లు ఇదే సరైన జవాబు. మన ఉదాహరణకూ ఇదే: హెడ్డాఫీసుకు నాలుగు టన్నెళ్ళు, కోల్డ్ స్టోరేజి 1 నుంచి యార్డు ఆఫీసుకు ఒకటి. మొత్తం ఐదు. కోల్డ్ స్టోరేజి 1 సీజీనాట్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, యార్డు ఆఫీసుకు స్టాటిక్ ఐపీ ఉంది కాబట్టి కోల్డ్ స్టోరేజి 1 దాన్ని పిలుస్తుంది.

అవసరమైనప్పుడు పుట్టే టన్నెళ్ళు. సిస్కోలో డీఎంవీపీఎన్, ఫోర్టినెట్‌లో ఏడీవీపీఎన్. మామూలుగా హబ్ అండ్ స్పోక్, రెండు బ్రాంచీల మధ్య డేటా మొదలవగానే వాటి మధ్య నేరు టన్నెల్ తనంతట తాను ఏర్పడుతుంది. సైట్లు పదిహేను ఇరవై దాటి, జతలు రోజుకొకలా మారుతుంటే ఇది చూడండి. అన్ని చోట్లా ఒకే కంపెనీ పరికరాలు కావాలి, డైనమిక్ రూటింగ్ (రౌటర్లే దారులు తెలుసుకునే పద్ధతి) తెలిసిన మనిషి కావాలి.

ఏ ఆకారమైనా నేరు టన్నెల్ వేసే ముందు ఒక చౌక మార్గం చూడండి: కెమెరాలను సబ్‌స్ట్రీమ్‌కు మారిస్తే 16 ఎంబీపీఎస్ కాస్తా 4 అవుతుంది. లోడింగ్ జరుగుతోందా లేదా చూడ్డానికి అది సరిపోతే నేరు టన్నెలే అక్కర్లేదు. లారీ నంబరు ప్లేటు చదవాలంటే మాత్రం మెయిన్ స్ట్రీమ్ కావాలి.

## 6. హబ్ ఎక్కడ పెట్టాలి, లైను ఎంత ఉండాలి?

హబ్ అంటే యజమాని కూర్చునే చోటు అని అర్థం కాదు. సర్వర్ ఉన్నచోటు, స్టాటిక్ ఐపీ ఉన్నచోటు, అప్‌లోడ్ ఎక్కువున్నచోటు, కరెంటు నిలిచేచోటు. నాలుగూ ఒకేచోట కుదిరితే అదే హబ్.

అప్‌లోడ్ లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం. హెడ్డాఫీసులో 100 డౌన్‌లోడ్, 20 అప్‌లోడ్ ఉన్న బ్రాడ్‌బ్యాండ్ అనుకోండి. కెమెరాల డేటా హబ్ మీదుగా వెళితే 16 ఎంబీపీఎస్ లోపలికి వచ్చి, అదే 16 యార్డు వైపు బయటికి పోవాలి. లోపలికి రావడం సులువే. బయటికి పోయే 16కు రిమోట్ డెస్క్‌టాప్ తెరల డేటా తోడవుతుంది, ఎందుకంటే తెర బొమ్మలు సర్వర్ నుంచి బ్రాంచికి, అంటే హెడ్డాఫీసు అప్‌లోడ్ మీదే ప్రయాణిస్తాయి: 1.6, 0.6. కాల్స్ 0.3. మొత్తం 18.5.

ఇరవైలో పద్దెనిమిదిన్నర. ఎవరో ఒకరు పెద్ద అటాచ్‌మెంట్‌తో మెయిల్ పంపగానే కాల్స్‌లో మాట తెగుతుంది, తెనాలిలో మౌస్ ఆగి ఆగి కదులుతుంది. డౌన్‌లోడ్ స్పీడ్ టెస్ట్ మాత్రం 100 చూపిస్తూనే ఉంటుంది, అందుకే అందరూ రౌటర్‌ను అనుమానిస్తారు. నేరు టన్నెల్ వేస్తే ఆ 16 హెడ్డాఫీసు నుంచి పూర్తిగా తప్పుకుంటుంది.

రద్దీ వేళ మొత్తం అప్‌లోడ్‌లో 70 శాతం దాటకుండా చూడండి. నేరు టన్నెల్ వేసినా కోల్డ్ స్టోరేజి 1 సొంత అప్‌లోడ్ కెమెరాల 16కు, స్టాకు ఎంట్రీల 0.5కు చాలాలి. 70 శాతం లెక్కన కనీసం 24 ఉండాలి, అది మరవకండి.

రౌటర్ శక్తి కూడా ఇక్కడే చూడాలి. పెట్టె మీద రాసే ఫైర్‌వాల్ వేగం కాదు, ఐపీసెక్ (టన్నెల్‌లో డేటాను గుప్తం చేసే పద్ధతి) వేగం చూడండి. ఆ అంకె కూడా పెద్ద ప్యాకెట్లతో కొలిచినది, ఫోన్ కాల్స్ లాంటి చిన్న ప్యాకెట్లు కలిస్తే తగ్గుతుంది. సగమే లెక్కలోకి తీసుకోండి. బ్రాంచి నుంచి బ్రాంచికి హబ్ మీదుగా పోయే డేటాను హబ్ ఒకసారి విప్పి, మళ్ళీ గుప్తం చేయాలి కాబట్టి దాన్ని రెండింతలుగా వేయండి.

ఏ సైటుకూ స్టాటిక్ ఐపీ దొరకకపోతే క్లౌడ్‌లో చిన్న సర్వర్ తీసుకుని దాన్నే హబ్ చేయవచ్చు. అమెజాన్‌కు ముంబైతో పాటు 2022 నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్ ఉంది. అక్కడి నుంచి బయటికి పోయే డేటాకు గిగాబైట్ చొప్పున డబ్బు కట్టాలి. కెమెరాలు దాని మీదుగా తిప్పితే నెలాఖరు బిల్లు మీద పడుతుంది.

## 7. హబ్ పడితే?

మొదటి మెట్టు, హబ్‌కు రెండు లైన్లు, రెండు వేర్వేరు ఆపరేటర్లవి. కంపెనీ పేర్లు వేరైనంత మాత్రాన దారులు వేరు కావు. రెండు ఫైబర్లూ ఒకే స్తంభాల మీదుగా వస్తుంటే ఒక్క లారీ తగిలినా రెండూ తెగుతాయి. కేబుల్ ఏ వీధి నుంచి వస్తోందో లైన్‌మెన్‌తో కలిసి నడిచి చూడండి.

రెండో మెట్టు, రెండో హబ్. అది మొదటి హబ్ ఉన్న పేటలో ఉండకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అలాంటప్పుడు ఒకే ప్రాంతంలో ఎన్ని లైన్లున్నా ఒకటే. ఉదాహరణలో స్టాటిక్ ఐపీ ఉన్న యార్డు ఆఫీసు రెండో హబ్‌కు పనికొస్తుంది. అయితే సర్వర్ నకలు కూడా అక్కడ ఉంటేనే దానికి అర్థం.

ఒకటి రెండు గంటలు ఆగినా ఫర్వాలేదనే సంస్థ రెండో హబ్ జోలికి పోనక్కర్లేదు. రెండు లైన్లు, ఓఎన్‌టీకీ స్విచ్‌కీ కూడా యూపీఎస్ చాలు.

## 8. రూట్లు

ఐపీసెక్ అయితే పాలసీ ఆధారితం కాకుండా రూట్ ఆధారిత టన్నెల్ ఎంచుకోండి. పాలసీ పద్ధతిలో ఇటు మూడు సబ్‌నెట్లు, అటు మూడు ఉంటే తొమ్మిది జతలు రాయాలి. రూట్ పద్ధతిలో టన్నెల్ ఒక ఇంటర్‌ఫేస్ అవుతుంది, దానికి రూట్ రాస్తే సరి.

ప్రతి బ్రాంచిలో మూడు రకాల రూట్లు:

1. 10.0.0.0/8 మొత్తం హబ్ టన్నెల్ వైపు.
2. నేరు టన్నెల్ ఉంటే దాని /16 మాత్రం ఆ టన్నెల్ వైపు. యార్డులో 10.33.0.0/16, కోల్డ్ స్టోరేజి 1లో 10.32.0.0/16. ఇరుకైన రూటుకే ప్రాధాన్యం కాబట్టి నేరుగా పోతుంది.
3. 10.0.0.0/8 కు బ్లాక్‌హోల్ రూటు (ప్యాకెట్‌ను పారేసేది), ప్రాధాన్యం అన్నిటికంటే తక్కువ.

మూడోది చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే ఏం జరుగుతుందంటే: టన్నెల్ రెండు నిమిషాలు పడిపోతుంది. ఆ సమయంలో తెనాలి ఐపీ ఫోన్ హెడ్డాఫీసుకు పంపే ప్యాకెట్లు మామూలు ఇంటర్నెట్ దారి పట్టి నాట్ అవుతాయి. రౌటర్ ఆ సెషన్‌ను గుర్తుపెట్టుకుంటుంది. టన్నెల్ తిరిగి లేచినా, ఫోన్ ఆగకుండా పంపుతూనే ఉంటుంది కాబట్టి పాత సెషన్ చావదు, ప్యాకెట్లు తప్పుదారిలోనే పోతుంటాయి. కంప్యూటర్లన్నీ పనిచేస్తుంటాయి, ఫోన్లు మాత్రం రిజిస్టర్ కావు. రౌటర్ ఆపి వేస్తే బాగవుతుంది, వారానికి మళ్ళీ వస్తుంది. బ్లాక్‌హోల్ రూటు ఉంటే ప్యాకెట్ అక్కడే పోతుంది, తప్పుడు సెషన్ పుట్టదు.

నేరు టన్నెల్ పడితే డేటా హబ్ దారికి మారాలంటే రెండో రూటు దానంతటది తొలగాలి. ఐపీసెక్‌లో డీపీడీ (అవతలి కొస బతికుందో చూసే ఏర్పాటు) పెడితే చాలా పరికరాల్లో ఇంటర్‌ఫేస్ కింద పడి రూటు పోతుంది. ఐపీసెక్‌కు బదులు వాడే ఇంకో టన్నెల్ పద్ధతి వైర్‌గార్డ్‌లో అవతలి కొస చచ్చినా ఇంటర్‌ఫేస్ నిలిచే ఉంటుంది, రూటు పోదు. దానికి పింగ్‌తో కనిపెట్టే స్క్రిప్టో, ఓఎస్‌పీఎఫ్, బీజీపీ లాంటి డైనమిక్ రూటింగో కావాలి. ఐదారు సైట్లకు స్టాటిక్ రూట్లు చాలు, నేరు టన్నెళ్ళు మూడు దాటితే బీజీపీకి మారండి.

వైర్‌గార్డ్‌లో ఇంకో మెలిక అలవ్డ్ ఐపీస్, అంటే ఏ కొసకు ఏ అడ్రసులో చెప్పే జాబితా. హబ్‌లో ప్రతి బ్రాంచికీ ఆ బ్రాంచి /16 మాత్రమే రాయాలి. ఒకే శ్రేణిని ఇద్దరికి రాస్తే చివర రాసినవారికే దక్కుతుంది, మొదటి బ్రాంచి చప్పుడు లేకుండా ఆగిపోతుంది. నాట్ వెనకున్న బ్రాంచిలో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (దారి మూసుకోకుండా పంపే పలకరింపు) 25 సెకన్లు పెట్టండి.

## 9. టన్నెల్ సెట్టింగులు

అన్ని సైట్లకూ ఒకటే పెట్టి, ఒక కాగితం మీద రాసి ఉంచండి:

☐ ఐకేఈ (కీలు మార్చుకునే పద్ధతి) వెర్షన్ 2
☐ ఏఈఎస్-256-జీసీఎం, ఎస్‌హెచ్‌ఏ-256, డిఫీ-హెల్మన్ గ్రూపు 14 లేదా 19
☐ మొదటి దశ 28,800 సెకన్లు, రెండో దశ 3,600 సెకన్లు, పీఎఫ్‌ఎస్ (కీ మార్చినప్పుడల్లా పాతదానితో సంబంధం లేని కొత్త కీ) ఆన్
☐ ప్రతి జతకూ వేరే కీ, కనీసం 32 అక్షరాలు, మిషన్ పుట్టించినది
☐ హబ్ వైపు యూడీపీ 500, 4500, ఈఎస్‌పీ తెరవాలి. వైర్‌గార్డ్ అయితే యూడీపీ 51820
☐ టన్నెల్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400, టీసీపీ ఎంఎస్‌ఎస్ (అందులో హెడర్లు పోను డేటా) 1360

3డీఈఎస్, ఎండీ5, గ్రూపు 2 ఇంకా వాడుతున్న పాత పెట్టె ఉంటే దాన్ని మార్చండి, మిగతావాటిని దాని స్థాయికి దించకండి.

ఎంటీయూ ఎందుకంటే: పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్) లైను 1492 బైట్లే మోస్తుంది, టన్నెల్ హెడర్లు ఇంకొంత తింటాయి. పెద్ద ప్యాకెట్ ఇమడక పోతుంది. లక్షణం ఎప్పుడూ ఒకటే: పింగ్ బాగుంటుంది, లాగిన్ పేజీ వస్తుంది, లోపలికి వెళ్ళగానే తెల్ల తెర. పరీక్షకు పింగ్‌లో ముక్కలు చేయవద్దనే ఆప్షన్ పెట్టి సైజు 1372 ఇవ్వండి. హెడర్లు 28 కలిసి 1400 అవుతుంది. అది పోవాలి, 1373 పోకూడదు.

## 10. కట్టే వరుస

1. హబ్ రౌటర్ సిద్ధం చేయండి, బ్రాంచీల మధ్య ట్రాఫిక్‌ను ముందు పూర్తిగా ఆపే రూలు పెట్టండి.
2. మనిషి తేలిగ్గా వెళ్ళగల బ్రాంచి ముందు. ఇక్కడ యార్డు ఆఫీసు.
3. వారం నడవనివ్వండి. లాగులో టన్నెల్ ఎన్నిసార్లు పడి లేచిందో చూడండి.
4. మిగతా బ్రాంచీలు ఒకటొకటిగా.
5. నేరు టన్నెల్ అన్నిటికన్నా చివర, రెండు కొసల్లోనూ ఒకేసారి.
6. అవసరమైన రూల్స్ మాత్రం తెరవండి. కెమెరాల సబ్‌నెట్‌కు లెక్కల సర్వర్‌తో పనిలేదు. పోర్టు 445 (విండోస్ ఫైల్ షేరింగ్‌ది) బ్రాంచి నుంచి బ్రాంచికి మూసే ఉంచండి. ఒక కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ వస్తే ఎక్కువగా పాకేది ఆ దారినే.

మిర్చి వ్యాపారమైతే మే నెలలో యార్డు వేసవి సెలవులు ఈ పనికి మంచి సమయం. దూరపు సైటులో అడ్రసులు మార్చేటప్పుడు అక్కడ మనిషైనా ఉండాలి, విడిగా 4జీ దారైనా ఉండాలి.

## 11. తరచూ వచ్చే చిక్కులు

టన్నెల్ లేచింది, ఏదీ పోవడం లేదు. ఎక్కువగా నాట్ మినహాయింపు మరిచిపోయి ఉంటారు. 10.0.0.0/8 కు వెళ్ళేదాన్ని నాట్ చేయవద్దనే రూలు మామూలు నాట్ రూలు కంటే పైన ఉండాలి. మైక్రోటిక్ రౌటర్‌లో ఫాస్ట్‌ట్రాక్ (తనిఖీలు దాటవేసే వేగపు దారి) ఆన్‌లో ఉంటే ఐపీసెక్ ట్రాఫిక్‌ను దాని నుంచి మినహాయించండి.

నేరు టన్నెల్ వేశాకే కెమెరా పేజీ తెరుచుకోవడం మానేసింది. ఒక కొసలో రూటు రాశారు, రెండో కొసలో మరిచారు. యార్డు నుంచి అడగడం నేరుగా వెళ్ళింది, జవాబు హబ్ మీదుగా బయల్దేరింది. హబ్ ఫైర్‌వాల్ అడగడం చూడలేదు కాబట్టి జవాబును పారేసింది. రెండు కొసల నుంచీ ట్రేస్‌రూట్ (ప్యాకెట్ వెళ్ళే దారి చూపే కమాండు) తీసి పక్కపక్కన పెట్టండి, దారి ఒకటే కావాలి.

బ్రాంచి నుంచి హబ్‌కు వెళ్తోంది, ఇంకో బ్రాంచికి వెళ్లడం లేదు. హబ్‌లో ఒక టన్నెల్ నుంచి ఇంకో టన్నెల్‌కు అనుమతించే రూలు లేదు, లేదా అవతలి బ్రాంచికి తిరుగు రూటు లేదు.

గంటకోసారి పడిపోతోంది. రెండో దశ సమయం, పీఎఫ్‌ఎస్ గ్రూపు రెండు కొసల్లో సరిపోలడం లేదు. కీ మార్చుకునే వేళకు తేడా బయటపడుతుంది.

విజయవాడ నుంచి గుంటూరుకు 30 మిల్లీసెకన్లు చూపిస్తోంది. ముప్పై అయిదు కిలోమీటర్ల దూరానికి ఫైబర్‌లో పట్టేది ఒక మిల్లీసెకను లోపే. రెండు చోట్లా వేర్వేరు ఆపరేటర్లయితే ప్యాకెట్ హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్ళి చేతులు మారి తిరిగి రావచ్చు. ట్రేస్‌రూట్‌లో అది తేలితే రెండు కొసలకూ ఒకే ఆపరేటర్ లైను తీసుకోండి, సెట్టింగుల్లో వెతికితే దొరకదు.

## 12. అప్పగించే ముందు పరీక్షలు

☐ హబ్ మొదటి లైను కేబుల్ పీకండి. రెండో లైను మీద టన్నెళ్ళన్నీ ఎంతసేపట్లో లేచాయో రాయండి
☐ నేరు టన్నెల్ ఆపండి. కెమెరాలు హబ్ మీదుగా రావాలి. తిరిగి వేయండి, నేరు దారికి రావాలి
☐ రద్దీ వేళ అన్ని కెమెరాలూ తెరిచి, అదే సమయంలో మూడు కాల్స్ పది నిమిషాలు మాట్లాడండి
☐ ఒక్కో బ్రాంచిలో రౌటర్ కరెంటు తీసి పెట్టండి. ఎవరూ ఏమీ ముట్టుకోకుండా టన్నెల్ లేవాలి, ఫోన్లు రిజిస్టర్ కావాలి
☐ కెమెరా సబ్‌నెట్ నుంచి లెక్కల సర్వర్‌కు వెళ్ళే ప్రయత్నం చేయండి. వెళ్ళకూడదు
☐ అన్ని రౌటర్ల కాన్ఫిగరేషన్ బ్యాకప్, అడ్రసుల పట్టిక, ఆపరేటర్ల ఫిర్యాదు నంబర్లు ఒక పెన్‌డ్రైవ్‌లోనూ కాగితం మీదా హెడ్డాఫీసు బయట ఒకచోట పెట్టండి. సర్వర్‌లో మాత్రమే పెడితే టన్నెల్ పడిన రోజు అవి చేతికి అందవు